99 శాతం ఈఈ వచ్చేసింది కదా, అసిమెట్రిక్ హైడ్రోజనేషన్‌లో ఇంకా చేయడానికేముంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయింది, పీహెచ్‌డీ సీటు వచ్చింది, గైడ్ అసిమెట్రిక్ హైడ్రోజనేషన్ మీద, అంటే అణువుకి హైడ్రోజన్ చేర్చేటప్పుడు కుడి ఎడమ చేతుల్లాంటి రెండు రూపాల్లో ఒకదాన్నే రాబట్టే విద్య మీద పని చేయమంటున్నారు. తోటివాళ్ళేమో "2001లోనే దానికి నోబెల్ ఇచ్చేశారు, ఇప్పుడు ప్రతి పేపర్లో 99 శాతం ఈఈ (ఒక రూపం రెండోదాని కంటే ఎంత ఎక్కువ వచ్చిందో చెప్పే అంకె) కనబడుతోంది, నువ్వు కొత్తగా చేసేదేముంది" అని వెనక్కి లాగుతున్నారు. చేరాలా వద్దా, రేపు ఉద్యోగానికి ఇది అక్కరకొస్తుందా?

నేను 26 ఏళ్ళు ప్రాసెస్ ఆర్ అండ్ డీలో, అంటే ల్యాబ్ పద్ధతిని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చే విభాగంలో పనిచేసి బయటికొచ్చాను. అందులో సగం కాలం ఆటోక్లేవ్ (ఒత్తిడి మీద రసాయన చర్య నడిపే పాత్ర) పక్కనే గడిచింది. అందుకని కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టండి.

సబ్జెక్ట్ పాతదన్న మాట నిజమే. అయిపోయిందన్నది మాత్రం నిజం కాదు. మీ స్నేహితులు 99 అనే అంకెను చూసి ఆట ముగిసిందనుకుంటున్నారు. ఈ రంగంలో ఆ అంకె మొదటి ప్రశ్నకు జవాబు మాత్రమే. ఒక్క లోహపు పరమాణువు ఎన్నిసార్లు పనిచేసింది, ఎందుకు ఆ చేతి రూపాన్నే ఇచ్చింది, సోమవారం వచ్చిన ఫలితం గురువారం కూడా వస్తుందా అన్నవి దాని తర్వాతి ప్రశ్నలు. నా ఉద్యోగమంతా వాటితోనే సరిపోయింది.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం రెండు ముక్కల్లో మూలం చెప్తాను. మీకు తెలిసిందైతే దాటేయండి. పూజగదిలో శంఖం చూసే ఉంటారు. మామూలు శంఖాలన్నీ ఒకే వైపు మెలి తిరిగి ఉంటాయి. వేరే వైపు తిరిగిన దక్షిణావర్త శంఖం ఎక్కడో ఒకటి దొరుకుతుంది, అందుకే దానికంత విలువ. రెండూ శంఖాలే, ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు, ఎలా తిప్పినా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. చాలా మందుల అణువులూ ఇంతే. ఒక చేతి రూపం పనిచేస్తుంది, రెండోది ఊరికే ఉంటుంది, లేదా ఇబ్బంది పెడుతుంది. (ఇక్కడ అందరూ థాలిడొమైడ్ ఉదాహరణ ఎత్తుతారు, గర్భిణులు వాడితే పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన మందు అది. మీ థీసిస్ ముందుమాటలో మాత్రం జాగ్రత్త. దాని రెండు రూపాలూ ఒంట్లో ఒకదానిలోంచి ఒకటి మారిపోతుంటాయి. ఒక్క చేతిదే ఇచ్చి ఉంటే ప్రమాదం తప్పేదని రాస్తే వైవాలో పట్టుకుంటారు.)

ఇక హైడ్రోజనేషన్. నూనెను డాల్డాగా గడ్డకట్టించే పని ఇదే. నికెల్ పొడి మీద హైడ్రోజన్ పంపితే నూనెలోని జంట బంధాలు నిండిపోతాయి. ఆ దారి వేసిన ఫ్రెంచి శాస్త్రవేత్త సబాటియేకి 1912లోనే నోబెల్ వచ్చింది. కానీ నికెల్ పొడికి కుడి ఎడమల తేడా తెలియదు. జంట బంధం పెనం మీది అట్టులా చదునుగా ఉంటుంది, దానికి రెండు ముఖాలు. హైడ్రోజన్ పై ముఖం నుంచి చేరితే ఒక చేతి రూపం, కింది ముఖం నుంచి చేరితే ఇంకొకటి. నికెల్ చేతిలో రెండూ సగం సగం వస్తాయి. ఒక ముఖాన్ని కప్పేసి రెండో ముఖానికే హైడ్రోజన్ అందించే ఉత్ప్రేరకం కావాలి. ఫలితాన్ని ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్‌గా లెక్కిస్తాం, ల్యాబ్‌లో అందరం ఈఈ అంటాం. 97.5 పాళ్ళు ఒకటి, 2.5 పాళ్ళు రెండోది ఉంటే ఈఈ 95.

ఒక చిన్న లెక్క చేసి చూడండి. గది ఉష్ణోగ్రత దగ్గర 95 ఈఈ రావాలంటే రెండు దారుల్లో ఎక్కాల్సిన శక్తి గట్ల మధ్య ఎత్తు తేడా మోల్‌కి దాదాపు 2.2 కిలో క్యాలరీలు ఉంటే చాలు. 99కి సుమారు 3.1. ఈథేన్‌లో ఒక మిథైల్ గుంపు రెండోదాన్ని దాటుకుని తిరగడానికే దగ్గర దగ్గర 3 కిలో క్యాలరీలు పడుతుంది. అంటే మనం గొప్పగా చెప్పుకునే 99 శాతమంతా ఈథేన్ ఒక్క మలుపు తిరిగేంత తేడా మీద నిలబడి ఉంది. అంత చిన్న తేడాని ముందుగా కాగితం మీద లెక్కగట్టి చెప్పడం నేటికీ తేలిక కాదు. మీ స్నేహితులకు ఈ ఒక్కటి చెప్పినా చాలు.

ఇక చరిత్ర. ఇది తెలియకుండా టాపిక్ ఎంచుకోకండి, ఎందుకంటే తర్వాత ఎవరు ఎక్కడ తడబడ్డారో ఇందులోనే ఉంది.

1960ల మధ్యలో ఇంగ్లండ్‌లో జెఫ్రీ విల్కిన్సన్ రోడియం లోహానికి మూడు ట్రైఫినైల్‌ఫాస్ఫీన్‌లు (ఫాస్ఫరస్‌తో లోహాన్ని పట్టుకునే అణువులు) తగిలించి, ద్రావణంలో కరిగే హైడ్రోజనేషన్ ఉత్ప్రేరకం తయారుచేశాడు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో మోన్‌శాంటో కంపెనీలో పనిచేస్తున్న విలియం నోల్స్ అది చూసి, ఆ ఫాస్ఫీన్ స్థానంలో చైరల్ ఫాస్ఫీన్, అంటే కుడి ఎడమల తేడా ఉన్న ఫాస్ఫీన్ పెడితే ఏమవుతుందని ప్రయత్నించాడు. 1968లో వచ్చిన ఫలితం ఎంతో తెలుసా? 15 శాతం ఈఈ. అదే ఏడాది జర్మనీలో హోర్నర్ కూడా ఇదే ఆలోచనతో ఫలితం ప్రకటించాడు. 15 శాతంతో మార్కెట్లో ఏదీ అమ్మలేం. కానీ దారి ఉందని తేలింది. ఈ రోజు ఎవరైనా విద్యార్థి 15 శాతం పట్టుకొస్తే గ్రూప్ మీటింగ్‌లో రెండో స్లైడ్ కూడా వేయనివ్వరు.

1971లో ఫ్రాన్స్‌లో ఆన్రీ కగాన్ టార్టారిక్ ఆమ్లం నుంచి డయాప్ అనే లిగాండ్ (లోహాన్ని పట్టుకుని ఉండే అణువు) చేశాడు. రెండు ఫాస్ఫరస్‌లతో లోహాన్ని పట్టకారులా పట్టుకునేది. పైగా చైరాలిటీ ఫాస్ఫరస్ మీద ఉండనక్కర్లేదు, వెన్నెముకలో ఉన్నా చాలని అది చూపించింది. చేయడం ఎంత సులువైందో మీరే ఊహించుకోండి. నోల్స్ బృందం ఈలోగా క్యాంప్ అనే ఫాస్ఫీన్‌తో 88 దాకా వచ్చింది. ఆ తర్వాత పాంప్ అనే ఫాస్ఫీన్ అణువులు రెంటిని జతకలిపి డైపాంప్ చేస్తే 95 వచ్చింది.

ఆ 95 దేనికి పనికొచ్చిందంటే ఎల్-డోపాకి. కంపవాతానికి, అంటే పార్కిన్సన్స్‌కి, పెద్ద మోతాదులో డోపా పనిచేస్తుందని 1967లో కోట్సియాస్ అనే వైద్యుడు చూపించాక దానికి గిరాకీ పెరిగింది. మన పొలం గట్ల మీద, కంచెల్లో పాకే దూలగొండి ఉంది చూశారూ, ఒంటికి తగిలితే దురద పుట్టించేది, దాని గింజల్లో ఉండేదీ ఈ ఎల్-డోపానే. అయితే టన్నుల లెక్కన కావాలంటే ఫ్యాక్టరీ తప్పదు. మోన్‌శాంటో వాళ్ళు వెనిల్లిన్ తయారుచేసేవాళ్ళు, డోపాకి అదే ముడిసరుకు. 1974 నుంచి డైపాంప్–రోడియంతో ఉత్పత్తి నడిచింది. నాకు ఆ ప్రాసెస్‌లో నచ్చేది ఇంకొకటుంది. నీళ్ళూ ఆల్కహాలూ కలిసిన ద్రావణంలో పదార్థం సగం కరిగీ కరగనట్టు ముద్దగా ఉంటుంది. హైడ్రోజనేషన్ అయ్యేసరికి మనకు కావలసిన రూపం స్ఫటికాలుగా కిందికి దిగుతుంది. మిగిలిన రేసిమేట్ (రెండు రూపాలూ సగం సగం కలిసినది), ఉత్ప్రేరకం ముక్కలు వడకట్టిన ద్రవంలోనే ఉండిపోతాయి. ఆ 95ని నూటికి దగ్గరగా తెచ్చింది ఫిల్టరే. ప్రాసెస్ కెమిస్టు బుర్ర అంటే అదీ.

2001లో నోబెల్ ఫోన్ వచ్చేసరికి నోల్స్‌కి 84 ఏళ్ళు, రిటైరై 15 ఏళ్ళయింది. ఆ ఏడాది బహుమతిలో సగం నోల్స్, ర్యోజీ నొయోరి ఇద్దరికీ హైడ్రోజనేషన్‌కి, మిగతా సగం బ్యారీ షార్ప్‌లెస్‌కి ఆక్సిడేషన్‌కి ఇచ్చారు. కగాన్ పేరు లేదు. ఈ రంగంలో చాలామందికి ఇప్పటికీ అది వెలితిగానే ఉంది, నాకూ ఉంది.

నొయోరి కథలో మీరు గమనించాల్సింది సమయం. బైనాప్ లిగాండ్ మీద ఆయనా, తోటి పరిశోధకుడు తకాయా 1974లో మొదలుపెట్టారు. పేపర్ బయటికొచ్చింది 1980లో. ఒక్క లిగాండ్‌కి ఆరేళ్ళు. మీ పీహెచ్‌డీ మొత్తం అంతే. దాంతో ముందు రోడియం, 1980ల రెండో సగంలో రుథేనియం పెట్టాక, అప్పటిదాకా ఎనమైడ్‌ల (జంట బంధం పక్కనే అమైడ్ గుంపున్న పదార్థాలు) దగ్గరే తిరుగుతున్న విద్య కీటో ఎస్టర్లకూ నాప్రోక్సెన్ లాంటి నొప్పి మందులకూ విస్తరించింది. 1995లో డైఅమీన్ (రెండు నైట్రోజన్‌లున్న అణువు) కూడా జోడించి మామూలు కీటోన్ల (కార్బన్–ఆక్సిజన్ జంట బంధమున్నవి) మీద పడ్డారు. అక్కడ కీటోన్ అసలు లోహానికి అతుక్కోదు. రుథేనియం మీది హైడ్రైడ్, నైట్రోజన్ మీది ప్రోటాన్ రెండూ కలిసి చెరో వైపు అందిస్తాయి. ఉత్ప్రేరకం అంటే పదార్థాన్ని ముందు కౌగిలించుకోవాలి అనుకునే పాత పాఠం అక్కడ చెల్లలేదు.

అమృతాంజనం డబ్బా మూత తీస్తే ముక్కుకి తగిలే మెంథాల్‌కి కూడా బైనాప్‌తో చుట్టరికం ఉంది. 1980ల్లో జపాన్‌లో తకసాగో కంపెనీ రోడియం–బైనాప్‌తో మెంథాల్ తయారీ మొదలుపెట్టింది. కీలకమైన మెట్టు హైడ్రోజనేషన్ కాదు, జంట బంధాన్ని పక్కకి జరిపే ఐసోమరైజేషన్. చాలామంది కలిపేసి చెప్తారు. ఆ ఫ్యాక్టరీకి పోటీ ఎవరంటే ఉత్తరప్రదేశ్‌లో పుదీనా జాతి పంట వేసే రైతులు. ప్రకృతి ఎలాగూ ఒక చేతి రూపాన్నే చేస్తుంది కాబట్టి ఈ పోటీ ఇప్పటికీ తెగలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎందుకు ఆ చేతి రూపమే వస్తుంది? మొదట్లో అందరూ అనుకున్నది తాళం, తాళంచెవి కథ: పదార్థం ఉత్ప్రేరకంలో ఎలా బాగా ఇముడుతుందో అలాగే హైడ్రోజన్ పడుతుందని. 1980ల్లో షికాగోలో జాక్ హాల్పెర్న్ బృందం రోడియం ఉత్ప్రేరకం, పదార్థం కలిసిన సంక్లిష్టాన్ని స్ఫటికంగా పట్టి చూసింది. ద్రావణంలో ఎక్కువగా ఉన్నదీ అదే. దాని ఆకారం ప్రకారం రావలసింది ఒక చేతి రూపం, నిజంగా వచ్చింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ద్రావణంలో అరకొరగా ఉన్న రెండో సంక్లిష్టమే కొన్ని వందల రెట్లు వేగంగా హైడ్రోజన్‌తో కలిసి, దాదాపు ఉత్పత్తినంతా తానే ఇస్తోందని తేలింది.

రైల్వే స్టేషన్లో రెండు టికెట్ కౌంటర్లు ఊహించుకోండి. ఒకదాని ముందు చాంతాడంత క్యూ, లోపలి గుమస్తా మాత్రం నత్త. రెండోదాని ముందు నలుగురే, అక్కడి మనిషి యమా చురుకు. జనం ఆ క్యూలోంచి ఈ క్యూలోకి మారే వీలుంటే సాయంత్రానికి ఎక్కువ టికెట్లు తెగేది రెండో కౌంటర్ దగ్గరే. మొదటి క్యూ పొడుగు చూసి అక్కడే ఎక్కువ అమ్ముడయ్యాయని లెక్కేస్తే పప్పులో కాలేసినట్టే. ఇప్పుడు హైడ్రోజన్ ఒత్తిడి పెంచామనుకోండి. రెండు కౌంటర్లూ వేగం పుంజుకుంటాయి. క్యూ మారే తీరిక జనానికి ఉండదు, ఎక్కడున్నవాళ్ళు అక్కడే టికెట్ తీసుకుని పోతారు. పొడుగు క్యూ వాటా పెరుగుతుంది, ఈఈ పడిపోతుంది.

ఇది పుస్తకంలో చదివి ఊరుకుంటే నేనూ మర్చిపోయేవాణ్ణి. ప్లాంట్‌లో దెబ్బ తగిలింది కాబట్టి గుర్తుంది. కంపెనీ పేరొద్దు. ఒక ఎనమైడ్, డైపాంప్ కోవకు చెందిన లిగాండ్, రోడియం. ల్యాబ్‌లో ఒక లీటర్ ఆటోక్లేవ్‌లో ఎన్నిసార్లు చేసినా 96, 97. ప్లాంట్‌లో 500 లీటర్ల రియాక్టర్‌లో మొదటి బ్యాచ్ 89. అందరూ ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. కేటలిస్ట్‌కి, అంటే ఉత్ప్రేరకానికి, గాలి తగిలిందన్నారు. మిథనాల్‌లో నీరుందన్నారు. నాణ్యత పరీక్షించే క్యూసీ వాళ్ళ దగ్గర రెండు రూపాల్ని విడదీసే చైరల్ కాలమ్ ముసలిదైందన్నారు. నైట్రోజన్ పర్జ్ (నైట్రోజన్‌తో గాలిని వెళ్ళగొట్టడం) మూడుసార్లు కాదు, ఆరుసార్లు చేయించారు. నాలుగు రోజులు, రెండు బ్యాచ్‌లు. రెండో బ్యాచ్ 88.5.

నాలుగో రోజు రాత్రి షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు మాటల మధ్యలో అన్నాడు: "సార్, ఇది ముప్పావుగంటలో అయిపోతోంది, మీ ల్యాబ్‌లో ఐదు గంటలు పట్టింది కదా." బ్యాచ్ రికార్డు తీసి చూశాను. నిజమే. ల్యాబ్ ఆటోక్లేవ్‌లో గేజ్ 5 బార్ చూపిస్తోంది, ప్లాంట్‌లోనూ 5 బారే. కానీ గేజ్ చూపేది పైనున్న వాయువు ఒత్తిడిని. ద్రావణంలో ఎంత హైడ్రోజన్ కరిగిందో దానికి తెలియదు. ల్యాబ్‌లో మాది నాసిరకం స్టిర్రర్. హైడ్రోజన్ కరిగిన మేరకు అప్పటికప్పుడు ఖర్చైపోతూ, ద్రావణం ఎప్పుడూ ఆకలితోనే ఉండేది. అందుకే ఈఈ బాగుండేది. ప్లాంట్‌లో పెట్టింది బోలు షాఫ్ట్ ఉన్న అజిటేటర్, పై వాయువుని లాగి ద్రవం అడుగున వదిలే రకం. హైడ్రోజన్ పుష్కలంగా కరిగింది, కౌంటర్లు వేగం పుంజుకున్నాయి, ఈఈ పడింది. మేం ఇన్నాళ్ళూ మా మంచి ప్రాసెస్ అనుకున్నది మా పాడు స్టిర్రర్ పుణ్యం.

ఒత్తిడి ఒకటిన్నర బార్‌కి దించి, అజిటేటర్ వేగం తగ్గిస్తే 96 తిరిగొచ్చింది. బ్యాచ్ సమయం ఆరు గంటలైందని ప్రొడక్షన్ వాళ్ళు నెలరోజులు సణిగారు. ఇలా అన్ని లిగాండ్లకూ కాదు. ఒత్తిడి మారినా చెక్కుచెదరని ఉత్ప్రేరకాలున్నాయి. మీది ఏ రకమో ముందే తెలుసుకోవాలి, అంతే. ఒత్తిడి, స్టిర్రింగ్ వేగం మార్చి మార్చి చూసిన పట్టిక లేని పేపర్ని నేను ఇప్పటికీ సగమే నమ్ముతాను.

ఇప్పుడు డబ్బు లెక్క. మీ తోటివాళ్ళు చూడనిది ఇదే. అణుభారం 200 ఉన్న పదార్థం ఒక టన్ను చేయాలి. వెయ్యి అణువులకు ఒక రోడియం చొప్పున వేస్తే సుమారు 515 గ్రాముల రోడియం కావాలి. చాలా పేపర్లలో ఉన్నట్టు నూటికి ఒకటి వేస్తే 5 కిలోలు దాటుతుంది. 2021 మార్చిలో రోడియం ఔన్సు 25 వేల డాలర్లు దాటింది. అంటే గ్రాము 800 డాలర్ల పైమాట. ఆ ధరకి 515 గ్రాములంటే 4 లక్షల డాలర్లు. కొంత తిరిగి రాబట్టుకోవచ్చు, కాదనను. కానీ నూటికి ఒకటి వేసి 99 ఈఈ తెచ్చిన పేపర్ ప్లాంట్ గేటు దాటదు. పది లక్షలకు ఒకటి వేస్తే అదే టన్నుకి అర గ్రాము చాలు.

పది లక్షలకు ఒకటి కల కాదు. మెటొలాక్లోర్ అనే కలుపుమందు ఉంది. స్విట్జర్లాండ్‌లో సీబా-గైగీ వాళ్ళు దాని పనిచేసే రూపం కోసం 1980ల మొదటి నుంచీ తంటాలుపడ్డారు. రోడియం సరిపోలేదు, ఇరిడియం బాగా మొదలై మధ్యలో చచ్చేది. చివరికి ఆంతోనియో టోన్యి వాళ్ళు చేసిన జోసిఫాస్ కుటుంబపు ఫెర్రోసీన్ లిగాండ్, ఇరిడియం, దానికి తోడు ఎసిటిక్ ఆమ్లం, అయొడైడ్ కలిస్తే కుదిరింది. 1996లో ఉత్పత్తి మొదలైంది. 80 బార్, 50 డిగ్రీలు, ఏడాదికి 10,000 టన్నులకు పైన. ఒక ఇరిడియంకి పది లక్షలకు పైగా అణువులు. ఈఈ ఎంతనుకున్నారు? 80. అవును, 80 మాత్రమే. పొలంలో చల్లే మందుకి అది చాలు, దాంతో చల్లే మోతాదులో దాదాపు మూడో వంతు తగ్గింది. ప్రపంచంలోకెల్లా పెద్ద అసిమెట్రిక్ హైడ్రోజనేషన్ ప్రాసెస్‌ల్లో ఒకటి ఇవాళ్టి జర్నల్‌కి పంపితే ఈఈ తక్కువైందని రిఫరీ తిప్పిపంపుతాడేమో.

ఆ రికార్డులు తర్వాత ఇంకా పెరిగాయి. నొయోరి బృందమే 1998లో అసిటోఫినోన్ అనే కీటోన్ మీద 24 లక్షల టర్నోవర్ (ఒక్కో లోహపు పరమాణువు ఎన్నిసార్లు పనిచేసిందన్న లెక్క) చూపించింది, ఈఈ అక్కడా 80 దగ్గరే. 2011లో చైనాలో చీ-లిన్ చౌ బృందం స్పైరో లిగాండ్‌తో ఇరిడియం మీద 45 లక్షలు దాటించింది, ఈసారి ఈఈ 98. నోబెల్ వచ్చిన పదేళ్ళకి ఇది. అయిపోయిందన్నవాళ్ళకి ఈ లెక్క చెప్పండి.

ఇంత చెప్పాక చేదు కబురూ చెప్పాలి. షుగర్ మందు సీటాగ్లిప్టిన్ మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటుంది. మందుల కంపెనీ మెర్క్ వాళ్ళు దాని ప్రాసెస్‌లో నైట్రోజన్‌కి ఏ రక్షక గుంపూ తగిలించకుండానే ఎనమీన్‌ని (జంట బంధం పక్కనే నైట్రోజన్ ఉన్న పదార్థం) రోడియం–జోసిఫాస్‌తో నేరుగా హైడ్రోజనేట్ చేశారు. అందరూ కాదన్న పని అది, అందంగా చేశారు. ఈఈ 95 పైన. తర్వాత మళ్ళీ స్ఫటికీకరణ, రోడియం తీసేయడానికి కార్బన్ ట్రీట్‌మెంట్. 2010లో అదే మెర్క్, ఎంజైమ్‌ల కంపెనీ కోడెక్సిస్ కలిసి ట్రాన్సమినేజ్ అనే ఎంజైమ్‌ని మార్చి మార్చి, 27 చోట్ల దాని నిర్మాణం మార్చి, ఆ మెట్టునే ఎత్తేశారు. ఈఈ 99.95 పైన, లోహం లేదు, ఒత్తిడి పాత్ర లేదు. నేను ఆ పేపర్ చదివిన రోజు సాయంత్రం ఆటోక్లేవ్ వైపు చూసి కాస్త దిగులుపడ్డాను. కాబట్టి మీ పోటీ ఇంకో లిగాండ్ గ్రూపు కాదు, ఎంజైమ్‌లు. ఎంజైమ్ ఎక్కడ తేలిపోతుందో, అంటే నీళ్ళలో కరగని పదార్థాలు, వలయంలో నైట్రోజన్ ఉన్న హెటెరోసైకిల్స్, జంట బంధానికి నాలుగు వైపులా గుంపులున్న ఆల్కీన్లు, అక్కడ పని ఎంచుకోండి.

అసలు మిగిలిన పని చాలా ఉంది. మిథైల్, ఇథైల్ లాంటి రెండు పొట్టి గుంపుల మధ్య ఉన్న కీటోన్‌ని ముఖాలు గుర్తుపట్టి హైడ్రోజనేట్ చేయడం ఇప్పటికీ కష్టమే. పట్టుకోవడానికి ఆక్సిజన్, నైట్రోజన్ ఏమీ లేని ఉత్త ఆల్కీన్లకు 1998లో ఫాల్ట్స్ అనే రసాయనవేత్త ఇరిడియంతో దారి వేశాడు గానీ, ఆ దారి అన్ని పదార్థాలకూ చేరలేదు. చౌక లోహాల సంగతి ఇంకా మొదటి అధ్యాయంలోనే ఉంది. 2018లో అమెరికాలో చిరిక్ బృందం మూర్ఛ మందు లెవెటిరాసెటమ్‌ని కోబాల్ట్‌తో 200 గ్రాముల స్థాయిలో, వెయ్యి అణువులకు ఒక పరమాణువు కంటే తక్కువ లోహంతో చేసి చూపించింది, అదీ మిథనాల్‌లో. మంచి పని. కానీ చౌక అనే మాట దగ్గర ఆగి ఆలోచించండి. చాలాసార్లు లోహం కంటే లిగాండే ఖరీదు. ఇంకోటి, మందులో మిగిలే లోహాల మీద ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు ఖరారుచేసే అంతర్జాతీయ సంస్థ) నియమం చూడండి. నోటి ద్వారా తీసుకునే మందుకి రోజుకి రోడియం 100 మైక్రోగ్రాములు, కోబాల్ట్ 50. భూమిలో దండిగా దొరికే లోహానికే పరిమితి కఠినంగా ఉంది.

ఉద్యోగం సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ పరవాడలో ఉన్న ఏపీఐ (మందులో పనిచేసే అసలు పదార్థం) ప్లాంట్లలో ఒక చేతి రూపం కావాలంటే ఇవాళ్టికీ ఎక్కువగా నడిచేది టార్టారిక్ ఆమ్లంతోనో మాండెలిక్ ఆమ్లంతోనో సాల్ట్ కట్టి విడదీయడం. సగం సరుకు పక్కకి పోతుందని తెలిసీ చేస్తారు, ఎందుకంటే ఎవరైనా చేయగలరు, ఎప్పుడూ ఒకేలా వస్తుంది. మీరు పీహెచ్‌డీలో లిగాండ్ బొమ్మలు గీయడం మాత్రమే నేర్చుకుంటే ఇంటర్వ్యూలో పది నిమిషాలకి మించి మాట్లాడటానికి ఉండదు. సబ్‌స్ట్రేట్ (హైడ్రోజన్ చేర్చాల్సిన పదార్థం) లాట్ మారితే కేటలిస్ట్ ఎందుకు చచ్చిందో వెతకడం, గంధకం జాడ పట్టడం, హైడ్రోజన్ ఎంత వేగంగా లోపలికి పోతోందో గ్రాఫ్ గీసి దాన్ని చదవడం వస్తే మాత్రం మిమ్మల్ని వదులుకోరు. ఒకసారి మాకు ముందు మెట్టులో వాడిన థయొనైల్ క్లోరైడ్ తాలూకు గంధకం జాడ మిగిలి మొత్తం రోడియం బలైంది. నారింజ రంగులో ఉండాల్సిన ద్రావణం మడ్డి కాఫీలా మారింది. ఆ రంగు ఒకసారి చూస్తే చాలు, రిపోర్టు రాకముందే తెలిసిపోతుంది.

చేరితే మొదటి నెలలో ఒక పని చేయండి. మీ పదార్థం రేసిమేట్‌ని పల్లాడియం కార్బన్‌తో ముందే చేసిపెట్టుకోండి (తడిది వాడండి, ఆరిన పల్లాడియం కార్బన్ మీద మిథనాల్ పోస్తే మంట లేస్తుంది). చైరల్ హెచ్‌పీఎల్‌సీ (రెండు రూపాల్ని విడదీసి కొలిచే యంత్రం) మీద రెండు పీకులు అడుగుదాకా విడిపోయే పద్ధతి దొరికాకే కేటలిస్ట్ సీసా మూత తీయండి. రెండో పీకు ఎక్కడుందో తెలియకుండా 99 వచ్చిందని సంబరపడి, ఆర్నెల్ల తర్వాత తల పట్టుకున్నవాళ్ళని చూశాను.

చేరాలా వద్దా అన్నదానికి నా మాట: గైడ్ దగ్గరికి వెళ్ళి టాపిక్ పేరు అడగకండి, ఆ ల్యాబ్ ఆటోక్లేవ్ లాగ్‌బుక్ చూపించమనండి. ఒత్తిడి, స్టిర్రింగ్, సమయం, ఎంత కేటలిస్ట్ వేశారు, ఎంత వచ్చింది అన్నీ రాసి, దాంతో పాటు ఫెయిలైన రన్‌లు కూడా కొట్టేయకుండా ఉంటే కళ్ళుమూసుకుని చేరిపోండి.